మెయింటెనెన్స్ ఐదు రూపాయలు ఎటు పోతున్నాయి, మంత్రిగారూ?

తెలంగాణ సినిమాటోగ్రఫీ, రోడ్లు భవనాల శాఖల మంత్రి
శ్రీ కోమటిరెడ్డి వెంకట్ రెడ్డి గారికి,

నమస్కారం.

మీది నల్లగొండ. మాదీ ఆ జిల్లాయే. ఊరి పేరు మాత్రం రాయడం లేదు. మా ఊళ్లో మిగిలినవి రెండే టాకీసులు, పేరు రాస్తే ఏ హాలు సంగతో ఇట్టే తెలిసిపోతుంది. ఒక హాలు మీద ఫిర్యాదు చేసి దానికి తాళం వేయించాలని నాకు లేదు. తాళం పడ్డ హాళ్లు చాలా చూశాను. నేను చిన్నప్పుడు నేల టికెట్టు కొని కూర్చున్న హాలు ఇప్పుడు ఫంక్షన్ హాలు. ఇంకొకటి వడ్ల గోదాము. మిగిలిన ఈ రెండూ బతకాలనే, హాలు బాగు కోసమని టికెట్టుతో పాటు విడిగా తీసుకునే ఐదు రూపాయల లెక్క తేలాలనే ఈ ఉత్తరం.

మొన్నొక ఆదివారం అమ్మనూ, బిడ్డనూ తీసుకుని ఫస్ట్ షోకు పోయాను. అమ్మకు డెబ్బై దాటాయి. ఇప్పటికీ సినిమా అంటే ముందు తయారయ్యేది ఆమే. కానీ సినిమాకు పోయే రోజు మధ్యాహ్నం నుంచి ఆమె మంచినీళ్లు తాగదు. టీ ఇస్తే వద్దంటుంది. ఎందుకని మొదట్లో అడిగేవాణ్ని, ఇప్పుడు అడగను. ఆ హాల్లో ఆడవాళ్ల బాత్రూంకు గొళ్లెం లేదు. బల్బు ఉంది, వెలగదు. ఇంటర్వెల్‌లో నా బిడ్డ లోపల ఉంటే, అమ్మ బయట తలుపు పట్టుకుని నిలబడింది. వెనక ఇంకో నలుగురు ఆడవాళ్లు వరుసలో ఉన్నారు. వాళ్లూ ఇద్దరిద్దరుగా జత కట్టుకున్నారు, ఒకరు లోపలికి, ఒకరు కాపలాకి. ఎవరూ గొడవ చేయలేదు. అందరికీ అలవాటైపోయింది.

టికెట్టు మీద ‘ఏసీ’ అని ఉంది. సినిమా మొదలైన అరగంటకు ఏసీ ఆగింది, క్లైమాక్స్‌కు ముందు పది నిమిషాలు మళ్లీ వచ్చింది. నా సీటు రెక్సిన్ చిరిగి స్పాంజి బయటికొచ్చింది, కుడి చెయ్యి పెట్టుకునే కొయ్య ఊడిపోయింది. ఇవన్నీ అందరూ చెప్పే సంగతులే, ఎక్కువ రాయను. పాప్‌కార్న్ ధర గురించీ రాయను. అది కొనకుండా ఉండొచ్చు.

తెర మీది బొమ్మ గురించి మాత్రం కాస్త వివరంగా రాయాలి. ఎందుకంటే దాని గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు. బొమ్మ మసగ్గా ఉంటే జనం సినిమానే అంత అనుకుంటారు. మా మేనమామ ముప్పై ఏళ్లు ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేశాడు. కార్బన్ కడ్డీలు కాల్చి వెలుగు తెచ్చిన రోజుల నుంచి, రీళ్లు పోయి డిజిటల్ వచ్చేదాకా బూత్‌లోనే ఉన్నాడు. కడ్డీల మధ్య దూరం ఒక్క క్షణం చూసుకోకపోతే తెర మీద వెలుగు తగ్గేది. వెంటనే నేల క్లాసు నుంచి ఈలలు, తిట్లు. ఆ తిట్లు బూత్ దాకా వినిపించేవని, అవే తనకు మీటరని చెప్పేవాడు. ఇప్పుడు చాలా డిజిటల్ ప్రొజెక్టర్లలో జినాన్ బల్బు ఉంటుంది. అది ఒక్కసారిగా మాడిపోదు, గంటలు గడిచేకొద్దీ మెల్లగా నీరసపడుతుంది. కంపెనీ చెప్పిన గంటలు అయిపోయినా వెలుగుతూనే ఉంటుంది కాబట్టి, ఖరీదైన కొత్త బల్బు ఎందుకని అలాగే నడిపిస్తారు. పైగా 3డీ కోసం వేసిన వెండి తెర ఉన్న హాళ్లలో మామూలు సినిమా వేస్తే నడిమధ్య మెరుపు, అంచుల్లో చీకటి. అంచు సీట్లలో కూర్చున్నవాడికి రాత్రి సీన్లలో ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలియదు. డిజిటల్ సినిమాకు తెర మీద 14 ఫుట్-ల్యాంబర్టుల వెలుగు ఉండాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. దాన్ని కొలవడానికి చేతిలో పట్టే మీటరు ఉంటుంది. ఆ ఆదివారం మా తెర మీద ఎంత ఉందో నాకు తెలియదు గానీ, సినిమా సగంలో నా బిడ్డ ఫోన్ తీస్తే ముందు మూడు వరుసల తలలు దానికే ఎక్కువ వెలిగాయి.

ఇక తలుపు. హాలు ఎడమవైపు బయటికి పోయే తలుపుకు గొలుసు వేసి తాళం పెట్టారు. ఎందుకని అడిగితే, “టికెట్ లేనోళ్లు దూరుతున్నరన్నా” అన్నాడు గేటు దగ్గరి పిల్లాడు. ఆడవాళ్ల బాత్రూంకు లేని గొళ్లెం ఇక్కడ ఉంది! 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ హాల్లో పొగ నిండినప్పుడు బయటికి దారి దొరకక 59 మంది చనిపోయారు. బాల్కనీలో అదనపు సీట్లు వేసి దారి మూయడమే అందులో పెద్ద కారణం. 2024 డిసెంబరు 4 రాత్రి మన హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య హాలు దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. అక్కడ కారణాలు వేరు. కానీ జనం ఒక్కసారి తోసుకుంటే దారి ఎంత అవసరమో ఆ రాత్రి అందరం చూశాం.

సినిమా అయ్యాక మేనేజర్ దగ్గరికి పోయాను. పోట్లాడదామనే పోయాను. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. “అన్నా, నేను జీతగాణ్ని. ఓనరు హాలు లీజుకిచ్చిండు. లీజుకు తీసుకున్నాయన హైదరాబాద్‌ల ఉంటడు. సీట్లు మార్చమని ఓనరుకు చెప్తే లీజుదారు మార్చాలంటడు, లీజుదారుకు చెప్తే ఓనరు మార్చాలంటడు” అన్నాడు.

రోగం ఇక్కడుంది, మంత్రిగారూ. ఓనరుకు నెలనెలా అద్దె వస్తుంది, సీటు చిరిగినా వస్తుంది. లీజుదారుకు కావలసింది పండక్కి, పెద్ద సినిమాకు చేతిలో హాళ్లు ఉండటం. రెండు మూడేళ్లలో లీజు అయిపోయే హాల్లో లక్షలు పోసి సీట్లు ఎందుకు వేయిస్తాడు? నేనైనా వేయించను. రాష్ట్రంలో ఎన్నో హాళ్లు ఇలా కొద్దిమంది చేతుల్లోనే లీజులో ఉన్నాయన్నది సినిమావాళ్లే బహిరంగంగా చెప్పుకుంటున్న మాట.

మేనేజర్ చెప్పిన ఇంకో సగం కూడా రాయాలి, లేకపోతే అన్యాయం. శుక్ర, శని, ఆదివారాలు పోతే సోమవారం మార్నింగ్ షోకు ఎనిమిది మంది వస్తారట. ఒక్కోసారి షో పడదు. షో పడినా పడకపోయినా కరెంటు ఫిక్స్‌డ్ ఛార్జీ కట్టాల్సిందే. నెల తిరగ్గానే సినిమా ఫోన్‌లోకి వస్తుంటే రెండో వారం హాలుకు ఎవరొస్తారు? 2024 మే 17 నుంచి పది రోజులు తెలంగాణలో సింగిల్ స్క్రీన్ హాళ్లు మూస్తున్నామని ఓనర్లే ప్రకటించారు, ఎన్నికలూ ఐపీఎల్ రోజుల్లో కొత్త సినిమాలు లేక, కరెంటు బిల్లుకైనా వసూలు కావడం లేదని. అది నాటకం కాదు, నిజమే.

అయితే హాలు బాగాలేదని జనం రావడం లేదా, జనం రావడం లేదని హాలు బాగాలేదా అంటే నా దగ్గర ఒకటే జవాబుంది. మా అమ్మ. ఆమెకు ఓటీటీ పెట్టడం రాదు. ఆమె రావడం తగ్గించింది బాత్రూం వల్ల.

ఇప్పుడు అసలు విషయం. 2021 డిసెంబరు 21న మన ప్రభుత్వం ఇచ్చిన జీవో 120లో టికెట్ రేట్లు పెట్టారు. మా ఊళ్లోలాంటి ఏసీ హాలుకు కనిష్ఠం 50, గరిష్ఠం 150, పైన జీఎస్టీ. దాంతో పాటు మెయింటెనెన్స్ కింద టికెట్టుకు ఏసీ హాల్లో 5 రూపాయలు, నాన్ ఏసీలో 3 రూపాయలు వసూలు చేసుకోవచ్చని ఉంది. ఆ ఐదు రూపాయలు సినిమాకు కాదు, హీరోకు కాదు, నిర్మాతకు కాదు. హాలు ఊడవడానికి, సీటు కుట్టడానికి, బాత్రూం కడగడానికి నేను విడిగా ఇస్తున్న డబ్బు.

లెక్క వేద్దాం. రోజుకు నాలుగు ఆటలు. ఆటకు సగటున అరవై మందే వచ్చారనుకుందాం. రోజుకు 240 టికెట్లు, 1,200 రూపాయలు. నెలకు 36,000. ఏడాదికి 4 లక్షల 30 వేలు దాటుతుంది. ఇది బీద లెక్క, పండగ సినిమాలు కలపలేదు. దీంతో హాలు కొత్తదైపోదు, నాకూ తెలుసు. కానీ బాత్రూంలు కడిగే ఇద్దరికి జీతం వస్తుంది, నెలకు పది సీట్లు కుట్టించొచ్చు, గొళ్లెం కొనొచ్చు. గొళ్లెం ధర మా ఊరి హార్డ్‌వేర్ షాపులో అడిగాను. ఎనభై రూపాయలు. పదహారు టికెట్ల మెయింటెనెన్స్.

ఈ డబ్బు దేనికి ఖర్చయిందో మా మేనేజర్‌కు తెలియదు. అది టికెట్టు డబ్బుతో కలిసి పోతుందన్నాడు. దీన్ని విడిగా రాయించండి. ఏ హాలు ఎన్ని టికెట్లు అమ్మింది, మెయింటెనెన్స్ కింద ఎంత వచ్చింది, దేనికి పెట్టింది అన్న కాగితం లేకుండా లైసెన్స్ రెన్యువల్ చేయొద్దు. ఓనరా, లీజుదారా అన్న గొడవ అక్కడే తేలుతుంది. డబ్బు ఎవరి చేతికి వస్తే సీటు వాళ్లే కుట్టించాలి.

రెన్యువల్ అన్నాను కాబట్టి ఇంకో మాట. చట్టం లేక కాదు. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం ఉంది, దాని కింద 1970 నాటి నిబంధనలు ఉన్నాయి. దారుల వెడల్పు దగ్గర్నుంచి మూత్రశాలల దాకా వాటిలో ఉంది. ఫైర్ వాళ్ల కాగితం కావాలి, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ కాగితం కావాలి, కట్టడం గట్టిగా ఉందని ఆర్ అండ్ బీ ఇంజనీరు కాగితం కావాలి. ఆ చివరిదీ మీ శాఖే, సినిమా శాఖా మీదే. రెండూ ఒకే బల్ల మీదికి వచ్చే అవకాశం ఎప్పుడో గాని రాదు.

చిక్కల్లా తనిఖీ జరిగే వేళతోనే. పగలు పదకొండుకు, లైట్లన్నీ వేసి, ఖాళీ హాల్లో ఫైలు పట్టుకుని తిరిగితే ఏం కనిపిస్తుంది? తెర తెల్లగా కనిపిస్తుంది, తలుపుల గొలుసులు తీసి ఉంటాయి. తనిఖీ సినిమా ఆడుతుండగా చేయించండి. ఆదివారం సెకండ్ షోలో, చీకట్లో, అంచు సీట్లో కూర్చుని. ఒకరి చేతిలో వెలుగు కొలిచే మీటరు ఉండాలి. ఆ బృందంలో ఒక మహిళా అధికారి తప్పకుండా ఉండాలి, ఆమె ఇంటర్వెల్‌లో బాత్రూంకు పోయి రావాలి. మిగతా రిపోర్టు రాయకపోయినా ఫర్వాలేదు.

పెద్ద సినిమా వచ్చినప్పుడు రేటు పెంచుకోవడానికి ప్రత్యేక జీవోలు వస్తున్నాయి. పెంచిన రేటులో 20 శాతం సినీ కార్మికుల సంక్షేమానికి ఇవ్వాలని 2025లో ముఖ్యమంత్రి గారు అన్నారు. మంచి మాట. అదే చేత్తో, ఈ తనిఖీలో నెగ్గిన హాళ్లకే పెంపు వర్తిస్తుందని ఒక్క వాక్యం కలపండి. పెద్ద సినిమా మొదటి వారం పెంపు పోగొట్టుకోవడం ఏ లీజుదారూ ఒప్పుకోడు. చిరిగిన సీట్లు నెలలో మారతాయి.

బదులుగా వాళ్లకూ ఏదైనా ఇవ్వాలి కదా. షో పడని రోజులకు కరెంటు ఫిక్స్‌డ్ ఛార్జీలో సడలింపు గురించి విద్యుత్ శాఖతో మాట్లాడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల లోపు టికెట్టు మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. చిన్న ఊరి హాళ్లకు అది ఊరటే. కేరళలో అయితే ప్రభుత్వ సంస్థే హాళ్లు నడుపుతోంది, తిరువనంతపురంలో కైరళి, శ్రీ, నిళ అలాంటివే. మన ప్రభుత్వాన్ని హాళ్లు నడపమని నేను అడగను. ఉన్న బస్టాండ్ల బాత్రూంలు చూశాక ఆ ధైర్యం లేదు, క్షమించండి.

పాత రోజుల్లో హాళ్లు బాగుండేవని కూడా నేను అనడం లేదు. నేల క్లాసులో నల్లులు కుట్టేవి, ఎవడి బీడీ పొగ ఎవడి కళ్లలో పడేదో తెలిసేది కాదు. కానీ అప్పుడు టికెట్టు మీద ఏసీ అని రాసేవాళ్లు కాదు, మెయింటెనెన్స్ అని డబ్బు తీసుకునేవాళ్లు కాదు.

చివరగా ఒక చిన్న మనవి. మీరు తనిఖీకి ఎవరినైనా పంపితే, ఏ రోజు వస్తారో ముందుగా చెప్పకండి. చెబితే ఆ రోజు ఆటంతా ఏసీ వేస్తారు.

ఇట్లు,
నల్లగొండ జిల్లా నుంచి
బాల్కనీ, ఎడమవైపు చివరి సీటు ప్రేక్షకుడు