ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌లో మా పిల్లలు రాసిందేమిటి? ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలతో,

నేను ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో తెలుగు, జర్నలిజం పాఠాలు చెప్పే అతిథి అధ్యాపకురాలిని. ఇంటర్న్‌షిప్‌ల గురించి మేము ఇచ్చిన వినతిపత్రాలకు ‘పరిశీలనలో ఉంది’ అన్న మాట తప్ప మరో జవాబు రానందువల్ల ఇలా బహిరంగంగా రాయవలసి వచ్చింది. కింద నా పేరు ఎందుకు లేదో, ఏటేటా రెన్యువల్ కోసం ఎదురుచూసే కొలువుల సంగతి ఎరిగిన మీకు నేను వివరించనక్కర్లేదు.

2020-21లో డిగ్రీ విద్యార్థులకు పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసినప్పుడు సంతోషించిన వాళ్లలో నేనూ ఉన్నాను. మొదటి ఏడాది తరువాత రెండు నెలలు, రెండో ఏడాది తరువాత రెండు నెలలు, ఆపై ఒక సెమిస్టరు మొత్తం, అంటే ఆరు నెలలు, తరగతి గది బయట పని నేర్చుకోవడం మంచి ఆలోచనే. కామర్స్ పిల్లలకు ఆడిటర్ ఆఫీసులు ఉన్నాయి, ఆక్వా చదివేవారికి చెరువులు ఉన్నాయి. రాతను నమ్ముకొని బతకాలనుకునే విద్యార్థి, అంటే రేపు ఉపసంపాదకుడో, అనువాదకురాలో, ప్రకటనల రచయితో, పౌరసంబంధాల ఉద్యోగో కావాలనుకునే బిడ్డ, మా వంటి చిన్న పట్టణంలో ఎవరి గుమ్మం ఎక్కాలో మాత్రం ఆ ఉత్తర్వులలో ఎక్కడా లేదు.

మొదట పత్రికల మండల విలేకరులను బతిమాలాము. వారికే జీతాలు లేవు; అచ్చయిన వార్తల కొలతను బట్టి ఇచ్చే లైన్ అకౌంటు కింద వచ్చేది పెట్రోలుకు చాలదు. అయినా ఒకాయన పెద్ద మనసుతో ఇద్దరిని చేర్చుకొని, పంద్రాగస్టు ముందు రోజులన్నీ ప్రకటనల కోసం సర్పంచుల చుట్టూ, ప్రైవేటు బడుల కరస్పాండెంట్ల చుట్టూ, ఎరువుల దుకాణాల చుట్టూ తిప్పారు. ఆ పిల్లలు ఒక్క వార్త రాయలేదు, రసీదులు మాత్రం చాలా రాశారు. మిగిలినవారు సూపర్ మార్కెట్ బిల్లింగ్ కౌంటర్లలో, మొబైల్ దుకాణాలలో తేలారు. వారిలో ఒక అమ్మాయి గురించి చెప్పాలి. రక్తదాన శిబిరం మీద ప్రెస్ నోటు రాయమని తరగతిలో ఇస్తే అందరూ వేదికపై ఆసీనులైన వారి జాబితాతోనూ జ్యోతి ప్రజ్వలనతోనూ మొదలుపెట్టగా, ఆమె మాత్రం ఎన్ని యూనిట్ల రక్తం వచ్చిందో, అది ఏ ఆసుపత్రికి వెళుతుందో మొదటి వాక్యంలోనే చెప్పి, అతిథుల పేర్లను చివరికి నెట్టింది. అంత సహజంగా వార్త పట్టుకోగల పిల్ల సెమిస్టరు మొత్తం రీచార్జి కూపన్ల పక్కన కూర్చుంది.

ఇక లాగ్‌బుక్ సంగతి మీరు ఒకసారి స్వయంగా చూడవలసిందే. ఆ రోజు చేసిన పని, నేర్చుకున్నది, ఇన్‌చార్జి సంతకం అని గళ్లు ఉంటాయి. చేసిన పని ఉంటే కదా రాయడానికి? అందుకని ‘కమ్యూనికేషన్ స్కిల్స్ ఇంప్రూవ్ అయ్యాయి’ అన్న వాక్యమే వారం వారం వరసగా కనిపిస్తుంది. అదీ రాసే ఓపిక లేనివారికి కళాశాల ఎదుటి డీటీపీ షాపులో నిరుటి రిపోర్టు ఫైలు సిద్ధంగా ఉంటుంది. పేరు, హాల్ టికెట్ నంబరు మార్చి స్పైరల్ బైండింగ్ చేసి ఇస్తారు. ఒక రిపోర్టులో పేరైతే మార్చారు గాని, కృతజ్ఞతల పేజీలో నిరుటి విద్యార్థి తండ్రి పేరు అలాగే ఉండిపోయింది. వైవాకు, అంటే మౌఖిక పరీక్షకు, వచ్చిన పరీక్షకుడు ఆ పేజీ పక్కనే సంతకం చేసి వెళ్లారు. జరగని పనిని జరిగినట్టు ఒక సెమిస్టరు పొడవునా కల్పించి రాయడం కూడా రచనా వృత్తే అనుకుంటే, అయ్యా, ఈ పథకం దిగ్విజయంగా నడుస్తున్నట్టే.

పని లేకనా ఇదంతా? ప్రతి జిల్లాలో సమాచార, పౌరసంబంధాల శాఖ కార్యాలయం ఉంది. అక్కడి నుంచి రోజూ ప్రెస్ నోట్లు వెళుతూనే ఉంటాయి. సోమవారం ఏ కలెక్టరేట్ గేటు దగ్గరికి వెళ్లినా, అర్జీ రాయించుకోవడానికి డబ్బు పట్టుకొని చెట్టు కింద నిలబడిన ముసలివాళ్లు కనిపిస్తారు. 2019లో వచ్చిన గ్రామ సచివాలయాల గోడల మీద పథకాల వివరాలు జనానికి అర్థమయ్యేలా రాసేవారు కావాలి. సుప్రీంకోర్టు 2019లోనే తీర్పుల అనువాదానికి సువాస్ అనే యంత్రానువాద సాఫ్ట్‌వేర్‌ను తెచ్చింది. ఆ యంత్రం ఇచ్చిన తెలుగును సరిచూడటానికైనా మనిషి కావాలి కదా. తెలుగును అధికార భాష చేస్తూ చట్టం వచ్చింది 1966లో. ఆ చట్టం అమలుకు కావలసిన చేతులు మా తరగతులలోనే ఉన్నాయి, వాటికి మీ కార్యాలయాల తలుపులే తెరుచుకోవడం లేదు. మేము అడిగిన చోటల్లా ‘పైనుంచి ఉత్తర్వు లేదు’ అన్నారు. ఆ పైన ఉన్నది మీరే.

కాబట్టి మా పిల్లలను పౌరసంబంధాల కార్యాలయాలలో, కలెక్టరేట్ అర్జీల విభాగంలో, గ్రామ సచివాలయాలలో ఇంటర్న్‌లుగా తీసుకోవాలని ఒక ఉత్తర్వు ఇప్పించండి. రోజుకు ఒక్క ప్రెస్ నోటు రాసి, అనుభవమున్న అధికారి ఎర్ర సిరాతో దిద్దితే చూసుకోవడం కన్నా పెద్ద శిక్షణ మేము కోరడం లేదు. మార్కులు వైవాకు కాక, దిద్దించుకున్న ఆ ప్రతులకు వేయించండి. బస్సు ఛార్జీలకైనా భృతి ఇవ్వండి; నెలకు 5,000 రూపాయలతో 2024లో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం అప్పట్లో పూర్తికాలం చదువుతున్న వారికి వర్తించలేదని మీకు తెలియనిది కాదు. లాగ్‌బుక్‌ను తెలుగులో నింపే వీలు కల్పించండి. ఇందులో ఏదో ఒక్కటైనా చేయండి.

వచ్చే సెమిస్టరు పిల్లలు అంగీకార పత్రాల కోసం ఇప్పటికే దుకాణాల వెంట తిరుగుతున్నారు. ఉత్తర్వు గనుక వెలువడితే, దాని ప్రతి సెమిస్టరు సగం గడిచాక కాక, మొదలయ్యే ముందే కళాశాలలకు చేరేలా చూడవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాల అతిథి అధ్యాపకురాలు