ఫస్ట్ లాన్సర్ పేరు వెనుక ఉన్న రౌతులు

సంపాదకులకు,

అయ్యా,

సెప్టెంబరు 23 దగ్గరపడుతోంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో ఆ రోజున, అప్పటి పాలస్తీనాలోని హైఫా రేవుపట్టణాన్ని భారతీయ అశ్వికదళం ఒట్టోమన్ (టర్కీ) సేనల చేతుల్లోంచి గెలుచుకుంది. మన సైన్యం ఏటా ఆ తేదీన హైఫా దినం జరుపుతుంది. ఢిల్లీలో తీన్‌మూర్తి కూడలికి 2018 జనవరిలో తీన్‌మూర్తి హైఫా చౌక్ అని పేరు మార్చారు. అక్కడ 1922 నాటి స్మారకంలో నిలబడి ఉన్న మూడు కంచు విగ్రహాలు జోధ్‌పూర్, మైసూరు, హైదరాబాద్ సంస్థానాల రౌతులవి. అంటే ఆ మూడింటిలో ఒకడు మనవాడు. వాడి సొంత ఊళ్లో వాడికి దక్కుతున్న గుర్తింపు గురించే ఈ లేఖ.

మాసబ్‌ట్యాంక్ పక్కన ఫస్ట్ లాన్సర్ అనే బస్తీ ఉన్న సంగతి హైదరాబాద్‌లో అందరికీ తెలుసు. మొన్న అక్కడికి ఆటోలో వెళ్తూ డ్రైవరును ‘ఆ పేరుకు అర్థమేమిటి బాబూ’ అని అడిగాను. ‘అర్థమేముంటది సార్, ఏరియా పేరు’ అన్నాడు. తప్పు అతనిది కాదు. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పిన నేనే ఆ పేరును నిజాం ఫస్ట్ లాన్సర్స్ దళంతో కలిపి చూసింది ఉద్యోగ విరమణ తర్వాత. లాన్సర్ అంటే బల్లెం పట్టిన రౌతు. పక్కనున్న ఏసీ గార్డ్స్‌లోని ఏసీ ఆఫ్రికన్ కావల్రీకి పొట్టిపేరు. ఈ బస్తీల్లో సందుసందు తిరిగినా ఈ సంగతి చెప్పే ఫలకం ఒక్కటీ నా కంటపడలేదు.

1914లో యుద్ధం మొదలవగానే ఈ దళం, అంటే బ్రిటిష్ సామ్రాజ్య సేవ కోసం సంస్థానం నడిపిన హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు, ఓడలెక్కి ఈజిప్టు చేరారు. సంస్థానాల దళాలతో కూర్చిన 15వ అశ్విక బ్రిగేడ్‌లో వారు భాగమయ్యారు. 1915 ఫిబ్రవరిలో ఒట్టోమన్ సేన సూయెజ్ కాలువ మీద దాడికి వచ్చేనాటికే ఈ బ్రిగేడ్ ఆ ఒడ్డున కాపలాలో ఉంది. ఆ తర్వాత సినాయ్ ఎడారి, గాజా, పాలస్తీనా దాటుకుంటూ యుద్ధం ముగిసే నాటికి సిరియా దాకా వెళ్లింది. దక్కనులో గుర్రాలు పెంచుకున్నవాళ్లు నాలుగేళ్ల పాటు ఆ ఇసుకలో, ఆ ఎండలో, గుర్రానికి నీళ్లు దొరికాకే తాము తాగుతూ గడిపిన కాలమది.

ఇక్కడొక మాట నిక్కచ్చిగా చెప్పాలి. హైఫాను హైదరాబాద్ రౌతులే గెలిచారని కొన్ని సభల్లో వింటున్నాం. అది సరికాదు. ఆనాడు గుర్రాలను ఉరికించి ఫిరంగుల మీదికి వెళ్లింది జోధ్‌పూర్, మైసూరు దళాలు. ప్రాణం అర్పించిన మేజర్ దళపత్ సింగ్ జోధ్‌పూర్ వాడు. హైదరాబాద్ దళం ఆ దాడిలో పాల్గొనలేదు. యుద్ధఖైదీల బాధ్యత దానికి అప్పగించారని, ఆ దళంలో ఎక్కువ మంది ముస్లింలు కావడమే అందుకు కారణమని చెబుతారు. ఎదుటి పక్షపు ఒట్టోమన్ సుల్తాను ముస్లింలకు ఖలీఫా, అంటే మతపెద్ద. 1914 నవంబరులో ఆయన జిహాద్ ప్రకటిస్తే, ఇక్కడ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ముస్లింలు బ్రిటిష్ వారి పక్షాన్నే నిలవాలని ఫర్మానా ఇచ్చాడు. అందుకు ప్రతిఫలంగా ఆయనకు బిరుదులు వచ్చాయి. రౌతుకు మాత్రం ఒకవైపు తన ప్రభువు ఆజ్ఞ, మరొకవైపు తన ఖలీఫా మాట. ఆ నలుగుబాటును చెప్పకుండా విజయగాథ మాత్రమే చెబితే ఆ మనిషిని మనం గుర్తుచేసుకున్నట్టు కాదు.

హైదరాబాద్ పేరు ఇంకా చాలాచోట్ల ఉంది. నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారుల కింద నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ అనే సేన నుంచి పుట్టిన 20వ దక్కన్ హార్స్ అశ్వికదళం 1916 జూలై 14న ఫ్రాన్స్‌లో, సోమ్ యుద్ధభూమిలోని హై వుడ్ దగ్గర బల్లేలతో దాడికి దిగింది. అదే కంటింజెంట్ పదాతిదళాల వారసత్వం తర్వాత హైదరాబాద్ రెజిమెంట్‌కు, 1945లో పేరు మారి నేటి కుమావూ రెజిమెంట్‌కు దక్కింది. బ్రిటిష్ వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్‌కు తొలి విమానాలు కొనిచ్చింది నిజాం. వాటి మీద ఆ సంగతి రాయించారు, స్క్వాడ్రన్ పేరులో హైదరాబాద్‌ను చేర్చారు. అయితే విమానానికి డబ్బిచ్చిన ప్రభువు పేరు విమానం మీదికి ఎక్కింది కానీ, ఆ డబ్బు శిస్తుగా కట్టిన రైతు పేరు ఎక్కడికీ ఎక్కలేదు.

అది సామ్రాజ్యం కోసం జరిగిన యుద్ధం, దాన్ని స్మరించుకోవడమెందుకు అని అడిగేవారున్నారు. వారి అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. నేను కోరేది నిజాముకు మరో విగ్రహం కాదు. రౌతుల పేర్లు కావాలి. వారితో పాటు వెళ్లి గుర్రాలను చూసుకున్న సయీసుల పేర్లు, గుర్రాలకు నాడాలు కొట్టిన నాల్‌బందుల పేర్లు, జీను కుట్టినవాళ్ల పేర్లు, వంటవాళ్ల పేర్లు కావాలి. గుర్రం నాడా ఊడితే బల్లెం ఉండి ఏం లాభం? ఇలాంటివారిని యుద్ధ స్మారకాలు సాధారణంగా లెక్కలోకే తీసుకోవు. ఆ దళంలో ఎవరు ఏ జిల్లా వారో, ఇంట్లో తెలుగు మాట్లాడినవారెందరో, మరాఠీ వారెందరో, కన్నడ వారెందరో కూడా తేలాలి.

ఈ పని మొదలు పెట్టడానికి తగిన చోటు తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర పురాభిలేఖాగారం. నిజాం ప్రభుత్వ దస్త్రాలకు అదే నిలయం. అవి చాలావరకు ఉర్దూలో, పారసీలో, అందులోనూ గొలుసుకట్టు చేతిరాతలో ఉంటాయి. ఆ రాత చదవగల పెద్దలు ఏటికేడు తగ్గిపోతున్నారు. ఫౌజు శాఖ దస్త్రాల్లోంచి జీతాలు, పింఛన్లు, మృతుల కుటుంబాలకు ఇచ్చిన సాయం కాగితాలను వెతికించి, స్కాన్ చేయించి, పేర్ల జాబితాను తెలుగులోనూ ఉర్దూలోనూ ప్రచురించడానికి పెద్ద బడ్జెట్ అక్కరలేదు. విశ్వవిద్యాలయాల్లోని ఉర్దూ, చరిత్ర శాఖల పరిశోధక విద్యార్థులకు రెండేళ్లు చేతినిండా పని దొరుకుతుంది. పాత బస్తీల్లో ఇంకా కొన్ని ఇళ్లలో తాతగారి పతకమో, డిశ్చార్జి కాగితమో ట్రంకుపెట్టెలో ఉండే ఉంటుంది. వాటికి ఫొటోలు తీసి, ఎవరివి వారికే తిరిగి ఇచ్చే ఏర్పాటు కూడా చేయాలి.

జాబితా తేలేందుకు సమయం పడుతుంది. ఈలోపు, ఈ సెప్టెంబరు 23 నాటికే ఫస్ట్ లాన్సర్‌లో బస్సు ఆగేచోట తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషుల్లో ఒక బోర్డు పెట్టవచ్చు. నగరపాలక అధికారులు ఇందుకు చొరవ తీసుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆ బోర్డు మీద హైఫా గెలిచామని రాయవద్దు. ఈ బస్తీకి పేరిచ్చిన దళం 1914లో ఇక్కడి నుంచి బయలుదేరి సూయెజ్, సినాయ్, పాలస్తీనా, సిరియాల్లో పనిచేసిందని రాస్తే చాలు.

భవదీయుడు,
విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
మెహదీపట్నం, హైదరాబాద్