పిల్లల చేత ఒట్టు పెట్టించకండి

ప్రియమైన తల్లిదండ్రులకు,

ప్రభువు నామంలో వందనాలు.

బూడిద బుధవారంతో, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాలు మొదలయ్యాయి. ఈ రోజుల్లో ఉదయం ప్రార్థనలో పిల్లలతో 141వ కీర్తన 3వ వచనం చెప్పిస్తున్నాం: "యెహోవా, నా నోటికి కావలియుంచుము, నా పెదవుల ద్వారమునకు కాపు పెట్టుము." నోటికి కాపు అనగానే బూతులే గుర్తొస్తాయి. బూతుల సంగతి మా టీచర్లు గట్టిగానే చూసుకుంటున్నారు. నేను మీతో మాట్లాడాలనుకున్నది పైకి భక్తిలా కనిపించే ఒక అలవాటు గురించి. అదే ఒట్టు.

ఇంటర్వెల్‌లో మా గ్రౌండులో కాసేపు నిలబడితే చాలు. "అమ్మతోడు, నేను తియ్యలేదు." "దేవుడి తోడు, వాడే తోశాడు." "బైబిల్ మీద ఒట్టు మేడమ్." మొన్న పెన్సిల్ బాక్సు తగాదాతో ఇద్దరు మూడో తరగతి పిల్లలు నా గదికొచ్చారు. నేనింకా ఏమీ అడగనే లేదు, ఒకడు తలమీద చెయ్యి పెట్టేసుకున్నాడు. "ఒట్టు వద్దు నాన్నా, ఏం జరిగిందో చెప్పు" అన్నాను. వాడు చెయ్యి దించలేదు. "ఒట్టు పెడితేనే మా ఇంట్లో నమ్ముతారు మేడమ్" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి తన మామూలు మాటకు విలువ లేదని అప్పుడే తెలిసిపోయింది!

కొండమీది ప్రసంగంలో ప్రభువు సరిగ్గా దీని గురించే మాట్లాడాడు (మత్తయి 5:33-37). ఆకాశం తోడనవద్దు, అది దేవుని సింహాసనం. భూమి తోడనవద్దు, అది ఆయన పాదపీఠం. నీ తల తోడని కూడా అనవద్దు, ఒక్క వెంట్రుకనైనా తెల్లగానో నల్లగానో చేయడం నీ చేతిలో లేదు. మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టు ఉండాలన్నాడు. ఆ కాలంలో ఒట్లకు తరగతులు ఉండేవి. దేవాలయం తోడంటే పట్టింపు లేదు, దేవాలయపు బంగారం తోడంటే మాత్రం కట్టుబడాలి అనే బోధకులను ఆయన మత్తయి 23లో గుడ్డి మార్గదర్శకులని గద్దించాడు. మన పిల్లలకూ ఆ దారులు తెలుసు. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టు" అంటే అయిపోయిందనుకుంటారు. ఒట్టున్న మాట నిజం, ఒట్టు లేని మాట ఎలా ఉన్నా ఫర్వాలేదు అని ఒకసారి మనసులో పడ్డాక, ఒట్టు లేనప్పుడు దేవుడు వినడం లేదన్నట్టే పిల్లలు మాట్లాడతారు. నాకు భయం అక్కడే.

శ్రమదినాల పాఠాల్లో మత్తయి 26వ అధ్యాయం ఈసారి ఇంట్లో అందరూ కలిసి చదవండి. యేసు ఎవరో తనకు తెలియదని ఆయన శిష్యుడు పేతురు మూడుసార్లు బొంకాడని మనందరికీ తెలుసు. ఎలా బొంకాడో గమనించండి. మొదటిసారి ఒక చిన్నది అడిగితే ఉత్తమాటతో తప్పించుకున్నాడు. రెండోసారి ఒట్టు పెట్టుకున్నాడు. మూడోసారి ఒట్టుతో పాటు శపించుకోవడం కూడా మొదలుపెట్టాడు. అబద్ధం పలచబడేకొద్దీ ఒట్టు బరువెక్కింది. అదే రాత్రి, అదే ఇంట్లో, ప్రధానయాజకుడు యేసుకు జీవముగల దేవుని తోడని ఆన పెట్టి, నీవు దేవుని కుమారుడివేనా అని అడిగాడు. ఆయన ఏ ఒట్టూ కలపకుండా "నీవన్నట్టే" అన్నాడు. ఆ జవాబు తన ప్రాణం మీదికి తెస్తుందని తెలిసీ అన్నాడు. మా టెన్త్ పిల్లలకు ఈ రెండు దృశ్యాలూ పక్కపక్కన పెట్టి చదివి వినిపిస్తే క్లాసంతా చాలాసేపు నిశ్శబ్దమైపోయింది.

మరి కోర్టులో, పదవీ స్వీకారంలో చేసే ప్రమాణాల మాటేమిటని కొందరు అడుగుతారు. సంఘాలన్నీ దీనిపై ఒకే మాట మీద లేవు. ఇంగ్లండులో క్వేకర్లనే క్రైస్తవ వర్గంవారు తాము ఏ ప్రమాణమూ చేయబోమన్నారు. 1662 నాటి చట్టం కింద ఎందరో జైలుకూ వెళ్ళారు. ఆంగ్లికన్ సంఘం మాత్రం న్యాయాధికారి ముందు ప్రమాణం చేయవచ్చని తన 39 విశ్వాస సూత్రాల్లో చివరిదానిలో రాసుకుంది. మన దేశంలోనూ 1969 ప్రమాణాల చట్టం ప్రకారం, దేవుని పేరున ప్రమాణం చేయనివారు నిజమే చెబుతానని ధ్రువీకరించి సాక్ష్యం చెప్పవచ్చు. పెద్దల ప్రమాణాల సంగతి మీ మీ పాస్టర్లతో మాట్లాడుకోండి. పిల్లల విషయంలో మాత్రం నాకు సందేహం లేదు.

ఇంట్లో పిల్లల చేత ఒట్టు పెట్టించకండి. "నా మీద ఒట్టేసి చెప్పు" అని అమ్మ అడిగితే, పిల్లవాడు అబద్ధం చెప్పినప్పుడు అమ్మకేమైనా అవుతుందేమోనని రాత్రంతా కుమిలిపోతాడు. అలా ఏడ్చిన పిల్లల్ని నేను చూశాను. ఒట్టుకు బదులు, నిజం చెబితే దెబ్బలు పడవని మాట ఇవ్వండి, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి. తప్పుకు దిద్దుబాటు ఉండాల్సిందే, కానీ నిజం చెప్పినందుకు శిక్ష పడినట్టు పిల్లవాడికి అనిపించకూడదు. ఫోన్ మోగితే "నాన్న ఇంట్లో లేరని చెప్పు" అనకండి. ఆదివారం గుడిలో పాటలు పాడే నోటితోనే వాడు ఆ మాట చెప్పాలి. కొనిస్తానన్నది కొనివ్వండి. కొనలేకపోతే ముందే కాదనండి. ఏడ్చి ఊరుకుంటాడు, మీ మాట మీద నమ్మకం పోదు.

మా వైపు నుంచి, క్లాసులో ఏ తగాదా వచ్చినా పిల్లల చేత ప్రమాణం చేయించకూడదని టీచర్లందరికీ చెప్పాను. ఎక్కడైనా అలా జరిగితే నాకు నేరుగా చెప్పండి. ఇతర మతాల తల్లిదండ్రులు కూడా మన బడిలో చాలామంది ఉన్నారు. మీ ఇంటి పద్ధతిలో, మీరు నమ్మే దేవుని ఎదుట, మీ పిల్లలతో ఇదే మాట్లాడండి.

ఈ నెల పేరెంట్స్ మీటింగులో మార్కుల కంటే ముందు ఈ విషయమే మాట్లాడుకుందాం. తల్లిదండ్రులిద్దరూ రావడానికి వీలు చూసుకోండి.

ప్రభువునందు,
మీ ప్రధానోపాధ్యాయురాలు