అగ్రి బిజినెస్ చదువు గురించి ఒక మాట
కాలిఫోర్నియాలో ఉన్న మన గ్రూప్ వాళ్లందరికీ నమస్కారం. పిల్లలు హైస్కూల్ చివరికొచ్చినవాళ్లు మోడెస్టో జూనియర్ కాలేజీలో అగ్రికల్చర్ బిజినెస్ ఒకసారి చూడండి. ఇక్కడివాళ్లకి యూనిట్‌కి (అంటే క్రెడిట్‌కి) ఫీజు 46 డాలర్లే. రెండేళ్లు ఇక్కడ చదివి యూనివర్సిటీకి మారే ట్రాన్స్‌ఫర్ డిగ్రీకి 60 యూనిట్లు, మిగతా రెండేళ్లు ఫ్రెస్నో స్టేట్ యూనివర్సిటీ లాంటిచోట చదవొచ్చు.

మా అమ్మాయి రాత్రి బాదం తోట లెక్క వేస్తూ కూర్చుంది: పూత కాయ కట్టడానికి ఎకరానికి రెండు తేనెటీగల పెట్టెల అద్దె, నీళ్లు, చెట్లు దులిపే మిషన్ కిరాయి, అప్పు మీద వడ్డీ. గుంటూరు దగ్గర మిర్చి వేసే మా నాన్న ఫోన్‌లో విని, "ఈ లెక్క మాకెవరూ నేర్పలేదమ్మా" అన్నారు.

పంట రుణాలు, పంటల బీమా, ఎగుమతులు, ప్యాకింగ్ హౌస్‌లు... ఉద్యోగాలకు దారులున్నాయి. సాఫ్ట్‌వేరే చదవాలని పిల్లల్ని టెన్షన్ పెట్టకండి, ప్లీజ్. చేరేముందు కౌన్సెలర్‌ని కలిసి ఏ క్లాసులు ట్రాన్స్‌ఫర్ అవుతాయో రాయించుకోండి.