డబ్బా మీద 0.50, లోపల 0.25: పిస్టన్ రింగులపై ఫిర్యాదు

విజయనగరం

వినియోగదారుల సేవా విభాగం మేనేజరు గారికి,

విషయం: మారుతి 800 ఇంజనుకు వేరే సైజు రింగులు పంపి, వాపసుకు నిరాకరించడం.

అయ్యా,

మా పెరటి షెడ్డులో పాత మారుతి 800 ఇంజను విప్పి, నేనే తిరిగి కట్టుకుంటున్నాను. 796 సీసీ, మూడు సిలిండర్లు. 68.5 మి.మీ. ఉండే బోరు (సిలిండరు లోపలి వ్యాసం) అరిగిపోవడంతో లేత్ షాపులో 69 మి.మీ.కి బోరింగ్ చేయించి, మీ దగ్గర 0.50 ఓవర్‌సైజు, అంటే అసలు సైజు కంటే అర మిల్లీమీటరు పెద్దవైన, పిస్టన్లు, వాటి చుట్టూ తొడిగే రింగులు కొన్నాను. పిస్టన్లకు వంక పెట్టను. పేచీ అంతా రింగులతోనే.

డబ్బా మీద 0.50 అని ఉంది. రింగుల మీద కొట్టిన అంకె మాత్రం 25, అంటే 0.25. అంకె తప్పు పడిందేమోనని ఒక రింగును సిలిండరులో పెట్టి, పిస్టన్ తలతో సమంగా కిందికి నెట్టి, ఒకచోట తెగి ఉండే ఆ రింగు కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పలుచని రేకులతో) కొలిచాను. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండకూడని సందు మిల్లీమీటరు దాటింది. దాటదా మరి! వ్యాసం పావు మిల్లీమీటరు తగ్గితే చుట్టుకొలత దాదాపు 0.79 తగ్గుతుంది. ఆ లోటంతా సందులోనే తేలుతుంది. ఇలాగే బిగిస్తే మండిన వాయువు కిందికి దిగుతుంది, ఆయిల్ పైకెక్కి కాలుతుంది, బండి నీలం పొగ కక్కుతుంది.

దీనికి మీవారి జవాబు: ప్యాకెట్ తెరిచారు, గుర్తింపు ఉన్న గ్యారేజీలో బిగించలేదు, కాబట్టి వాపసు లేదు. మహాప్రభో, రింగులు ఇంకా బిగించనే లేదు! ప్యాకెట్ తెరవకుండా లోపలి సైజు ఎలా తెలుస్తుందో మీరే చెప్పాలి. 25కీ 50కీ తేడా చూడడానికి గ్యారేజీ బోర్డు అక్కర్లేదు. హడావిడిలో ఎవరైనా మెకానిక్ వీటినే బిగించి ఉంటే, ఆ పొగ పాపం అతని నెత్తినే పడేది.

బోరింగ్ చేసిన బ్లాకు మా ఉక్కగాలికి తుప్పు పట్టకుండా రోజూ ఆయిల్ పూసి గుడ్డ కప్పుతున్నాను. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వచ్చే చుట్టాలను స్టేషను నుంచి ఈ బండిలోనే తెస్తానని మాట కూడా ఇచ్చేశాను.

మూడు సిలిండర్లకూ సరైన 0.50 రింగులు మీ ఖర్చుతో వారంలోగా పంపించి, వీటిని తీసుకెళ్లండి. లేదంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తాను. ఆ తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు గనుక, మీ కార్యాలయం ఏ ఊళ్లో ఉన్నా జవాబు విజయనగరంలోనే చెప్పుకోవాలి.

బిల్లు, డబ్బా లేబులు, రింగు మీది అంకె, గేజ్ కొలత ఫొటోలు జతచేశాను.

ఇట్లు,
భవదీయుడు
(సంతకం)