దేవుని మీద నమ్మకం లేని లీడర్ ఆ మాట బయటికి చెప్తే తప్పేంది?

ఎడిటర్ గారికి నమస్తే.

ఎలక్షన్ వచ్చిందంటే మన జిల్లా పేజీలల్ల ఒకటే తీరు ఫోటోలు వస్తయ్. భద్రకాళి గుడిల అమ్మవారి ముంగట బీ ఫారం పెట్టి దండం పెట్టే క్యాండిడేట్, మేడారంల నిలువెత్తు బంగారమని బెల్లం తూకం వేయించుకునే క్యాండిడేట్, కాజీపేట దర్గాల చాదర్ నెత్తిన పెట్టుకున్న క్యాండిడేట్, ఫాతిమా చర్చిల ఫాదర్ పక్కన నిలబడ్డ క్యాండిడేట్, మస్తు సార్లు ఈ నాలుగు ఫోటోలల్ల ఉండేది ఒక్క మనిషే. నామినేషన్లు పొద్దున పదకొండు నుంచి మూడు దాకా తీసుకుంటరు గదా, అండ్ల రాహుకాలం ఎప్పుడు పోతదో చూసుకుంట ఆఫీస్ బయట కార్ల కూసున్నోళ్లను నేనే చూసిన. నమ్మకం ఉండి చేస్తే నాకేం పేచీ లేదు, ఎవల భక్తి వాళ్లది. నా బాధంత లోపల నమ్మకం లేకుండ పైకి చేసేటోళ్ల గురించి.

అట్లాంటోళ్లు ఉన్నరా అంటే శానామంది ఉన్నరు. కాకతీయ యూనివర్సిటీల స్టూడెంట్ యూనియన్లు నడిపిచ్చినోళ్లు, హాస్టల్ రూములల్ల దేవుడు లేడని తెల్లారేదాక వాదించినోళ్లు ఇయ్యాల అన్ని పార్టీలల్ల లీడర్లుగ ఉన్నరు. నాకు తెలిసిన ఒకాయనకు చేతికి కంకణాలు మోచెయ్యి దాక ఉంటయ్, ఒక్కొక్క గుడిల ఒక్కొక్కటి కట్టినయ్, విప్పితే ఏమంటరో అని ఉంచుకుంటడు. సుబేదారిల చాయ్ తాగుకుంట అడిగిన, ఏందన్నా ఇది అని. "నేను లోపల ఏం మారలే తమ్మీ, కానీ బొట్టు లేకుంట పోతే మా బూత్ కార్యకర్తనే అడుగుతడు, ఏమైందన్నా అని" అన్నడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంల కష్టం కనపడ్డది. ముప్పై ఏండ్ల నుంచి ఆ మనిషి జనం ముంగట వేరే మనిషిగ బతుకుతున్నడు.

ఓట్లు పోతయని భయం. ఆ భయం ఉత్తదని అనను గని, మన జనాన్ని తక్కువ చేసి చూసుడు గూడ అండ్ల ఉంది. తమిళనాడుల ఊరూరికి ఎంత పెద్ద పెద్ద గుళ్లున్నయో చెప్పనక్కర లేదు, అక్కడ దేవుణ్ణి నమ్మనని ఓపెన్‌గ చెప్పిన కరుణానిధి అయిదు సార్లు ముఖ్యమంత్రి అయిండు. అంత దూరం ఎందుకు, విజయవాడల కొండ మీద కనకదుర్గమ్మ, కింద నాస్తిక కేంద్రం పెట్టిన గోరా గారి బిడ్డ చెన్నుపాటి విద్య గారు, ఆమెను ఆ ఊరి జనం 1980ల ఒకసారి, 1989ల ఇంకోసారి పార్లమెంటుకు పంపిండ్రు. 1952ల నల్లగొండల రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ కంటే ఎక్కువ మెజారిటీ వచ్చింది, ఆయన కమ్యూనిస్టు అని తెల్వక ఓటేసిండ్రా? బోనాలు ఎత్తే చేతులే ఆ ఓట్లు గుద్దినయ్. మనిషి మనకోసం నిలబడతడా లేదా అనేది జనం చూస్తరు, చూసిండ్రు.

ఇంకొక సంగతి. కేసీఆర్ గారు 2015 డిసెంబర్‌ల ఎర్రవల్లిల అయుత చండీయాగం చేసిండ్రు, 2016 దసరాకు మన భద్రకాళి అమ్మవారికి బంగారు కిరీటం పెట్టిండ్రు. కిరీటం లెక్క సర్కారు పైసలతోటి మొక్కులు చెల్లించుడు నాకు అస్సలు నచ్చలే, అప్పుడూ అన్న ఇప్పుడూ అంటున్న. కానీ ఆయన దేన్ని నమ్ముతడో ఎవ్వలకు దాచలే, జనానికి తెలుసు, తెలిసే ఓటేసిండ్రు, వద్దనుకున్నప్పుడు తీసేసిండ్రు. నమ్మేటాయనకు ఉన్న ఆ ధైర్యం నమ్మనాయనకు ఎందుకు ఉండకూడదు?

రాజ్యాంగం అయితే ఎప్పుడో దారి ఇచ్చింది. మూడో షెడ్యూల్‌ల ప్రమాణం రెండు తీర్ల చెయ్యొచ్చని ఉంది, దైవసాక్షిగ అనొచ్చు, దేవుడి పేరు లేకుండ మనస్సాక్షిగ గూడ అనొచ్చు, రెండిటికీ విలువ ఒక్కటే. ఈ హక్కు ఊకెనే రాలే. ఇంగ్లాండ్‌ల చార్లెస్ బ్రాడ్లా అనే ఆయన 1880ల పార్లమెంటుకు గెలిస్తే నాస్తికుడని సభల కూసోనియ్యలే, నార్తాంప్టన్ ఓటర్లు పట్టుబట్టి మళ్ల మళ్ల గెలిపిచ్చిండ్రు, ఆఖరికి 1886ల కూసున్నడు, 1888ల ప్రమాణం చట్టమే మార్పిచ్చిండు. ఆ తర్వాతి ఏడాది బొంబాయి కాంగ్రెస్ మహాసభకు గూడ వచ్చిండు. అంత కొట్లాట అవసరం లేకుంటనే మన రాజ్యాంగం మన చేతుల పెట్టింది, వాడుకునేటోళ్లే తక్కువైండ్రు.

దాచుకుంటే నష్టం ఎవలకు అంటే పేదోళ్లకు. నేను సర్వీసుల ఉన్నప్పుడు భూపాలపల్లి దిక్కు ఒక ఊర్ల పనిచేసిన. ఒక ఇంట్ల పిల్లకు జ్వరం తగ్గుతలేదు, గడప ముంగట నిమ్మకాయ పసుపు కుంకుమ కనపడ్డయని వెనుక వాడకట్టు ముసలాయన మీద అనుమానం పెట్టుకున్నరు. పండ్లు పీకితే మంత్రం పారదని ఆయన ముంగటి పండ్లు పీకిండ్రు. తెల్లారి నేను పోయేసరికి అరుగు మీద కూసోని ఉన్నడు, నోట్ల తువ్వాల కుక్కుకున్నడు, తువ్వాల మొత్తం నెత్తురు. లీడర్లు వచ్చిండ్రు, రాజీ చేసిండ్రు, పైసలు ఇప్పిచ్చిండ్రు, పోయిండ్రు. బాణామతి లేదు చేతబడి లేదు, పిల్లను దవాఖానకు తీస్కపోండ్రి అని ఆ గుంపు ముంగట ఒక్కళ్లు గూడ అనలే. ఆ లీడర్లల్ల ఒకాయన ఇసుంటియి రవ్వంత నమ్మడని నాకు పక్కాగ తెలుసు. మంత్రాల నెపంతోటి మనుషులను చంపిన వార్తలు మీరే ఎన్నిసార్లు రాసిండ్రో గుర్తు చేసుకోండ్రి. 2013 ఆగస్టుల పుణెల మూఢనమ్మకాల మీద కొట్లాడిన నరేంద్ర దభోల్కర్‌ను కాల్చి చంపినంక మహారాష్ట్ర మూఢనమ్మకాల మీద చట్టం తెచ్చింది, 2017ల కర్ణాటక అసెంబ్లీ గూడ పాస్ చేసింది. మన అసెంబ్లీల ఆ మాట గట్టిగ ఎత్తాలంటే ముందు తన మనసుల మాట చెప్పే ధైర్యం ఉన్న ఎమ్మెల్యే కావాలె. భక్తులు గూడ మాట్లాడొచ్చు, మాట్లాడాలె, కానీ నమ్మకమే లేనాయన నోరు మూసుకుంటే ఇంకెవలు మొదలు పెడతరు.

నమ్మనని చెప్పుడు వేరు, దేవుళ్లను తిట్టుడు వేరు. 2022 ఆఖర్ల అయ్యప్ప స్వామి మీద ఒక వక్త మాట్లాడిన మాటలకు రాష్ట్రమంత గొడవైంది, ఆయన అరెస్టయిండు. ఆ మాటలు నాకు గూడ నచ్చలే, మా ఇంట్ల మాల వేసుకున్నోళ్లు ఉన్నరు, మా ఆవిడ సమ్మక్కకు మొక్కుతది, నేను తోడు పోత, జంపన్న వాగు దాక పోయి గద్దెల కాడ ఆమె బెల్లం పెట్టేదాక నిలబడత, దండం మాత్రం పెట్టను, ఆమె పెట్టమని అడగదు. మా ఇంట్ల నడిచేది ఊర్ల ఎందుకు నడవదు?

అందరు లేచి నేను నాస్తికుణ్ణి అని చెప్పాలనుడు నా ఉద్దేశం కాదు, చెప్పకుండ ఉండుడు గూడ వాళ్ల హక్కే. అడిగినప్పుడు అబద్ధం ఆడొద్దు, ఫోటో కోసం మొక్కొద్దు, గంతే.

మీ పేపర్‌కు గూడ ఒక విన్నపం. అభ్యర్థుల ఇంటర్వ్యూలు వేసినప్పుడు ఆస్తులు, కేసులు అడిగినట్టే బాణామతి మీద మీ అభిప్రాయం ఏంది, ప్రమాణం ఏ తీరుగ చేస్తరు అని గూడ అడగండ్రి, ఇష్టం లేనోళ్లను వదిలెయ్యండ్రి. దేవుణ్ణి నమ్మనని ఎవలన్న చెప్తే దాన్ని మంట పెట్టే హెడ్డింగ్ చెయ్యకుంట, ఆయన చెరువుల గురించి, దవాఖాన గురించి చెప్పిన మాటల పక్కనే మామూలు అక్షరాలల్ల వేయండ్రి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
హనుమకొండ