వార్షిక నివేదిక: ఏడాదంతా గోళం మీది త్రిభుజాలతోనే

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక నిర్ణయం తీసుకున్నాం, గుర్తుండే ఉంటుంది. నెలకో కొత్త అంశం పట్టుకుని పైపైన చూసి వదిలేసే బదులు, ఏడాది పొడుగునా ఒకే సిద్ధాంతం దగ్గర కూర్చుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూద్దాం అని. కొందరు విసుగు పుడుతుందేమో అన్నారు. పుట్టలేదు. కార్యదర్శిగా నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను: మన సంఘం చేసిన పనుల్లో ఇది మంచి పని, ఈ పద్ధతి కొనసాగాలి.

మనం ఎంచుకున్నది లెక్సెల్ సిద్ధాంతం. దాని వెనకున్న ప్రశ్న బడిలోనే అందరికీ పరిచయం. ఒకే భూమి (అంటే త్రిభుజం అడుగు భుజం) మీద, ఒకే జత సమాంతర రేఖల మధ్య ఉన్న త్రిభుజాల వైశాల్యాలు సమానం అని చదువుకున్నాం కదా, యూక్లిడ్ మొదటి పుస్తకంలో 37వ ప్రతిపాదన అది. మరి త్రిభుజాన్ని కాగితం మీద కాకుండా గోళం మీద గీస్తే? భూమి కదలకుండా, వైశాల్యం మారకుండా శీర్షాన్ని జరుపుకుంటూ పోతే అది ఏ దారిన వెళ్తుంది?

దీనికి ముందు గోళం మీద వైశాల్యం కొలవడం రావాలి కాబట్టి మొదటి కొన్ని నెలలు జిరార్డ్ సిద్ధాంతానికే ఇచ్చాం. గోళం మీది త్రిభుజం భుజాలు మహావృత్తాల, అంటే గోళాన్ని సరిగ్గా రెండు సగాలు చేసే వృత్తాల, ముక్కలు. అలాంటి త్రిభుజంలో కోణాల మొత్తం ఎప్పుడూ 180 డిగ్రీలు దాటుతుంది, ఎంత దాటిందో అదే వైశాల్యం. గోళం మొత్తాన్ని 720 డిగ్రీలుగా లెక్కపెడితే, మూడు లంబకోణాలున్న త్రిభుజం 90 డిగ్రీలు, అంటే సరిగ్గా ఎనిమిదో వంతు. థామస్ హారియట్ 1603లోనే దీన్ని కనుక్కున్నాడు కానీ అచ్చు వేయలేదు. ఆల్బర్ట్ జిరార్డ్ 1629లో తన పుస్తకంలో ప్రకటించాడు, పేరు ఆయనకే దక్కింది.

నిరూపణ కోసం పెద్ద బంతి తెచ్చి, మూడు మహావృత్తాలు గీసి, ఒక్కో కోణానికి ఎదురెదురుగా వచ్చే రెండు పట్టీలను (రెండు మహావృత్తాల మధ్య తొనలా ఉండే ముక్కలను) ఒక్కో రంగు పల్చటి కాగితంతో అతికించాం. ఆరు పట్టీలూ అతికించేసరికి గోళమంతా కప్పుకుపోయింది, అయితే మన త్రిభుజం మీద, దానికి అవతలి వైపున్న జంట త్రిభుజం మీద మాత్రం మూడు రంగులూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి, మిగతా అన్నిచోట్లా ఒక్క పొరే. ఒక పట్టీ వైశాల్యం దాని కోణానికి రెట్టింపు. కాబట్టి ఆరు పట్టీలు కలిపితే కోణాల మొత్తానికి నాలుగు రెట్లు. అది 720కి త్రిభుజ వైశాల్యం నాలుగు రెట్లు కలిపినదానితో సమానం. నాలుగుతో భాగించండి, అయిపోయింది. వేలు పెట్టి పొరలు లెక్కపెట్టాక ఇక ఎవరికీ సందేహం రాలేదు.

మామూలు జీవితంలో ఈ తేడా ఎందుకు కనపడదు అని ఒక సభ్యురాలు అడిగిన ప్రశ్న మీద ఒక సమావేశమంతా గడిచింది. 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధమున్న భూగోళం మీద కోణాల మొత్తం ఒక్క డిగ్రీ పెరగాలంటే త్రిభుజం సుమారు 7.08 లక్షల చదరపు కిలోమీటర్లు ఉండాలి. ఒక్క సెకను (డిగ్రీలో 3,600వ వంతు) పెరగడానికే దాదాపు 197 చదరపు కిలోమీటర్లు కావాలి. గణితవేత్త గాస్ 1820లలో జర్మనీలోని హానోవర్ సర్వేలో కొలిచిన పెద్ద త్రిభుజం ఉంది, హోహెన్‌హాగెన్, బ్రోకెన్, ఇన్సెల్స్‌బెర్గ్ కొండల మధ్య, భుజాలు సుమారు 69, 85, 107 కిలోమీటర్లు. అంత పెద్దదానికీ వచ్చే అదనం 15 సెకన్లకు కాస్త తక్కువే.

ఇక అసలు విషయం. లెక్సెల్ ప్రశ్న బోర్డు మీద రాయగానే చాలామంది చెప్పిన జవాబు ఒక్కటే: త్రిభుజం భూమిని భూమధ్యరేఖ మీద పెడితే శీర్షం ఒకే అక్షాంశం మీద తిరుగుతుంది, సమాంతర రేఖకు గోళం మీద జోడీ అక్షాంశ వృత్తమే కదా అని. వినడానికి న్యాయంగానే ఉంది. లెక్క వేసి చూశాం. భూమి చివర్లు భూమధ్యరేఖ మీద 0, 90 రేఖాంశాల దగ్గర. శీర్షం 0 రేఖాంశం మీద, 45 డిగ్రీల ఎత్తున ఉంటే కోణాలు 90, 90, 45, కాబట్టి వైశాల్యం 45 డిగ్రీలు. అదే ఎత్తులో శీర్షాన్ని మధ్యకు, 45 రేఖాంశానికి, జరిపితే వైశాల్యం 38.9 డిగ్రీలకు పడిపోతుంది. భూగోళం కొలతలో చెప్పాలంటే దాదాపు 43 లక్షల చదరపు కిలోమీటర్ల తేడా! వైశాల్యం తగ్గకుండా ఉండాలంటే మధ్యలో శీర్షం సుమారు 51.3 డిగ్రీల దాకా పైకి వెళ్లాలి.

అంటే దారి వంగుతోంది. ఎటు వంగుతోందో చెప్పేదే లెక్సెల్ సిద్ధాంతం: శీర్షం ఒక లఘువృత్తం (గోళాన్ని సగం చేయని చిన్న వృత్తం) మీద నడుస్తుంది, ఆ వృత్తం భూమి రెండు చివర్లకూ గోళం అవతల సరిగ్గా ఎదురుగా ఉన్న రెండు బిందువుల గుండా పోతుంది. ఎంత వైశాల్యం తీసుకున్నా సరే, ఆ రెండు బిందువులు మాత్రం తప్పవు. ఎందుకంటే శీర్షం ఒక చివరికి ఎదురు బిందువు దగ్గరకు చేరితే, ఆ రెంటినీ కలిపే మహావృత్తాన్ని ఏ దిశలోనైనా గీయొచ్చు, త్రిభుజం కాస్తా పట్టీ అవుతుంది, దాని వైశాల్యం ఎంతైనా కావచ్చు. అందుకే అన్ని దారులూ అక్కడే కలుస్తాయి. నాకు ఈ ఏడాది అన్నిటికంటే నచ్చింది ఈ ఒక్క విషయం.

సమావేశాలకు రాలేకపోయినవాళ్ల కోసం నిరూపణ కూడా ఇక్కడే ఇస్తున్నాను, కాగితం పెన్ను తీసుకోండి. భూమి చివర్లు ఎ, బి, శీర్షం సి. ఎ-కి ఎదురు బిందువు పి, బి-కి ఎదురు బిందువు క్యూ. పి-క్యూ-సి త్రిభుజంలో సి దగ్గర కోణం మన పాత కోణమే, శీర్షాభిముఖ కోణాలు కాబట్టి. పి దగ్గరి కోణం 180లోంచి ఎ కోణం తీసేసినంత, క్యూ దగ్గరిది 180లోంచి బి కోణం తీసేసినంత. ఇప్పుడు పి, క్యూ, సి గుండా పోయే వృత్తానికి గోళం మీదున్న కేంద్రాన్ని మూడు శీర్షాలకూ కలపండి, మూడు సమద్విబాహు త్రిభుజాలు వస్తాయి. పి, క్యూ కోణాలు కలిపి సి కోణం తీసేస్తే మిగిలేది పి-క్యూ భుజం దగ్గరి సమాన కోణానికి రెట్టింపు. (కేంద్రం బయట పడితే ఆ వైపు కోణాలను రుణంగా తీసుకోవాలి, అంతే.) ఆ సమాన కోణానికి సి ఎక్కడుందో పట్టదు, వృత్తం మారనంత వరకు అదీ మారదు. అయితే ఆ రెట్టింపు విలువ 360లోంచి మన మూడు కోణాల మొత్తం తీసేసినదే! కాబట్టి కోణాల మొత్తం మారదు, జిరార్డ్ మాట ప్రకారం వైశాల్యమూ మారదు.

చరిత్ర మీద ఒక సాయంత్రం పెట్టాం. ఆండర్స్ యోహాన్ లెక్సెల్ 1740లో ఇప్పటి ఫిన్లాండ్‌లోని తుర్కులో పుట్టి, 1768లో సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీకి వెళ్లి గణితవేత్త ఆయిలర్ దగ్గర పనిచేశాడు. 1770 నాటి తోకచుక్క కక్ష్య లెక్కగట్టింది ఆయనే, హెర్షెల్ 1781లో చూసిన కొత్త వస్తువు తోకచుక్క కాదు, గ్రహమే (యురేనస్) అని కక్ష్య లెక్కతో చూపినవాళ్లలో ఒకడు కూడా. ఈ సిద్ధాంతం మీద ఆయన వ్యాసం 1784లో అచ్చయింది, ఆయన పోయిందీ ఆ ఏడాదే. ఆయిలర్ 1778లో, చూపు దాదాపు పూర్తిగా పోయిన స్థితిలో, దీనికి సొంత నిరూపణ ఇచ్చాడు. అది 1797లో గానీ బయటికి రాలేదు, అప్పటికి ఆయన పోయి 14 ఏళ్లు.

మిగతా సంగతులు క్లుప్తంగా. జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం, చూసి సందేహాలుంటే కోశాధికారికి రాయండి. కార్యవర్గంలో మార్పు లేదు. రంగు కాగితాల బంతి భద్రంగా ఉంది, పిల్లలకు చూపించాలనుకునేవాళ్లు అడిగి తీసుకెళ్లొచ్చు, పొరలు ఊడకుండా చూడండి చాలు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం రెండు అంశాలు ప్రతిపాదిస్తోంది. ఒకటి, లెజాండ్ర్ సిద్ధాంతం: గోళం మీది చిన్న త్రిభుజంలో ఒక్కో కోణం నుంచి అదనంలో మూడో వంతు తీసేసి, దాన్ని మామూలు త్రిభుజంలా లెక్కించడం ఎంతవరకు చెల్లుతుంది, ఎందుకు చెల్లుతుంది. రెండోది లెక్సెల్ సిద్ధాంతానికి ద్వంద్వం, అంటే కోణాల, భుజాల పాత్రలు తారుమారు చేస్తే వచ్చేది: ఒక కోణం, చుట్టుకొలత స్థిరంగా ఉంచితే మూడో భుజం ఎప్పుడూ ఒకే వృత్తాన్ని తాకుతూ పోతుంది. నా ఓటు రెండోదానికి, ఎందుకంటే అది సమతలం మీద కూడా నిజం, రెండు చోట్లా పక్కపక్కన పెట్టి చూడొచ్చు. మీ ఓటు సర్వసభ్య సమావేశంలో వేయండి, రాలేనివాళ్లు ముందే రాసి పంపండి.